వారోత్సవాల వారికి, 20.9 విషయమై

మహారాజశ్రీ జాతీయ భద్రతా వారోత్సవాల వారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మా కుశలం ఫ్యాక్టరీ గేటు పక్కనున్న పచ్చబోర్డు మీద రోజూ సుద్దముక్కతో రాస్తూనే ఉన్నారు. వేలు నలిగినవాడిని ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టి ‘లైట్ డ్యూటీ’ అనేస్తే, ప్రమాదం లేని రోజుల లెక్కకు ఇక అడ్డేముంది?

నిన్న మీ ముగింపు సభ దివ్యంగా జరిగింది. రెండింటికి అన్నారు, మూడున్నరకు ముఖ్య అతిథి వచ్చారు. శాలువా, జ్ఞాపిక, మొక్క. ముగ్గుల పోటీ, నినాదాల పోటీ, చెంచాలో నిమ్మకాయ పరుగు, గెలిచిన అందరికీ హాట్‌బాక్సులే. బ్యాడ్జీలు రోల్ మీద ఉన్నవాళ్ల లెక్కన తెప్పించారు. రసాయనాలు కలిపే పెద్ద పాత్రల్లోకి, అంటే రియాక్టర్లలోకి దిగేవాళ్లు ఆ లెక్కలో లేరు, వాళ్లు కాంట్రాక్టరు మనుషులు. అయినా వెనక నిలబడి ప్రతిజ్ఞకు చేతులు చాచారు, పాపం.

ఇవన్నీ సరే. ఒక్కటే మింగుడు పడటం లేదు.

నాలుగింటికి ‘భద్రత మన సంస్కృతి’ అనే ఉపన్యాసం నడుస్తుండగా ఒక పర్మిట్ పుస్తకం, అంటే ప్రమాదమున్న పనికి అనుమతి రాసేది, షామియానా కిందికి వచ్చింది. రియాక్టర్ కడగడానికి మనిషి లోపలికి దిగాలి. ఆక్సిజన్ 20.9, ఎల్‌ఈఎల్ (అంటుకునే ఆవిరి ఎంతుందో చెప్పే అంకె) 0, హైడ్రోజన్ సల్ఫైడ్ 0, కార్బన్ మోనాక్సైడ్ 0. అంకెలన్నీ ముందే నింపి ఉన్నాయి. బహుమతుల జాబితా మీద టిక్కులు పెడుతున్న పెన్నే పక్కకు జరిగి సంతకం చేసి, మళ్లీ జాబితా మీదికి వెళ్లింది. రియాక్టర్ ప్రొడక్షన్ బ్లాకులో. ఆ అంకెలు కొలవాల్సిన గ్యాస్ డిటెక్టర్ స్టోర్స్ బీరువాలో.

అయ్యా, 20.9 అంటే బయటి గాలిలో ఉండే ఆక్సిజన్ శాతం. వేపచెట్టు కింద మంచం వేసుకున్నా అంతే వస్తుంది. నిజంగా కొలిచినవాడి పుస్తకంలో అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. ఓ రోజు 20.6, ఓ రోజు 19.8, ఓ రోజు 17 వచ్చి పని ఆపేసినట్టు అడ్డగీత. 19.5కు తగ్గితే దిగకూడదు, 23.5 దాటినా దిగకూడదు. పేజీ పేజీకీ 20.9 ఉన్న పుస్తకం రియాక్టర్‌లోకి మనిషి దిగే మ్యాన్‌హోల్ ముఖం ఒక్కసారీ చూసి ఉండదు.

సాల్వెంట్ (రసాయనాలను కరిగించే ద్రవం) ఆవిరి అంటుకోకుండా రియాక్టర్లలో నైట్రోజన్ నింపుతారు. దానికి రంగు లేదు, వాసన లేదు, ఘాటు లేదు. ఊపిరాడక మనిషి గింజుకునేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. నైట్రోజన్ పీలుస్తున్నప్పుడు అది మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి ఆ గింజులాటా ఉండదు. నాలుగు ఊపిర్లు తీసేసరికి నిచ్చెన మీద చెయ్యి జారుతుంది. ‘ఏమైందిరా’ అంటూ పైనున్నవాడు దిగుతాడు. వాడి వెనక మూడోవాడు.

ఎల్‌ఈఎల్ 0 ఇంకా పెద్ద మాయ. దాన్ని కొలిచే బీడ్ సెన్సర్ ఆవిరిని తన లోపల కాల్చి, పుట్టిన వేడిని కొలుస్తుంది. కాలాలంటే ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన పాత్రలో టోలుయిన్ లాంటి సాల్వెంట్ ఎంత ఉన్నా అది సున్నా దగ్గరే కూర్చుంటుంది. అందుకే ముందు ఆక్సిజన్, అది సరిగ్గా ఉంటేనే ఎల్‌ఈఎల్, ఆ తర్వాత విషవాయువులు. అదీ పైన, మధ్యలో, అడుగున. సాల్వెంట్ ఆవిర్లు గాలికన్నా బరువు, అడుగునే పడుకుంటాయి. ట్యూబు వేసి లాగితే కింది గాలి మీటరు దాకా చేరేవరకు ఆగాలి. మీటరును మంచిగాలిలోనే ఆన్ చెయ్యాలి. మ్యాన్‌హోల్ మీద ఆన్ చేసి జీరో నొక్కితే, అక్కడున్న పాడుగాలినే అది 20.9 అని నేర్చుకుంటుంది. వాడేముందు బంప్ టెస్ట్ చెయ్యాలి: తెలిసిన గ్యాస్ పట్టి అలారం మోగుతుందో లేదో చూడటం. నిమిషం పని. ఆ గ్యాస్ డబ్బాకు గడువు తేదీ ఉంటుంది. కొత్త డబ్బాకు పెట్టిన ఇండెంట్ ‘వచ్చే క్వార్టర్‌లో చూద్దాం’ అని తిరిగొచ్చింది, మీ ఫ్లెక్సీల బిల్లు పాసైన వారంలోనే. మీటరులో ఆక్సిజన్ కొలిచే సెల్ అయితే బీరువాలో భద్రంగా దాచినా రెండేళ్లకు అటూ ఇటూగా చచ్చిపోతుంది. దాచడం వల్ల ఆయుష్షు పెరగదు.

‘నైట్రోజన్ వాల్వు మూశాం కదా’ అంటారు. వాల్వులు పాసవుతాయి, అంటే మూసినా లీకవుతాయి. లైను విప్పాలి, లేదా మధ్యలో బ్లైండ్ అనే అడ్డురేకు వెయ్యాలి. కొన్ని బోల్టుల పని, దానికీ బద్ధకమే. లోపల కలియతిప్పే ఆజిటేటర్ బ్రేకరుకు తాళం వేసి, చెవి దిగేవాడి జేబులో ఉంచాలి. లోపలికి 24 వోల్టుల ఫ్లేమ్‌ప్రూఫ్ దీపం. ఇవి నినాదాల్లో ప్రాస కుదరవు, ఒప్పుకుంటాం.

ఇదేమీ కొత్త జ్ఞానం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు: అర్హత ఉన్నవాడు తానే స్వయంగా పరీక్షించి రాతలో ధ్రువీకరించాలి, లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టుకు తాడు, ఆ తాడు రెండో కొస బయట మనిషి చేతిలో. మీరు ఏటా మార్చి 4న తలుచుకునే జాతీయ భద్రతా మండలి 1966లో పుట్టింది. అంతకు 18 ఏళ్ల ముందు మాట ఇది. ఇప్పుడు దానితో సహా 13 చట్టాలు కలిపి ఒకే కోడ్ చేశారు, సేఫ్టీ ఆఫీసర్ ఎంతమందికి ఒకరో కొత్త లెక్క చెప్పారు. బాగుంది. షామియానా కింద కూర్చుని రియాక్టర్‌ను కొలవమని ఏ చట్టంలో, ఏ కోడ్‌లో ఉందో చెప్పండి! ఏం కొలిచారయ్యా నిన్న? ప్రతిజ్ఞకు లేచిన చెయ్యే కదా ఆ సంతకం పెట్టింది? సిగ్గుండాలి.

కోపం వచ్చింది, క్షమించాలి. మిమ్మల్ని రద్దు చెయ్యమని ఎవరూ అడగటం లేదు. మీ పుణ్యాన మాక్ డ్రిల్ జరిగింది, సైరన్ బాయిలర్ హౌస్‌లో వినపడదని తేలింది. చుట్టుపక్కల యూనిట్ల సేఫ్టీ ఆఫీసర్లు వచ్చారు. ఉపన్యాసం ఎగ్గొట్టి టీ డ్రమ్ము దగ్గర నిలబడి, ఎవరి దగ్గర ఎన్ని శ్వాస పరికరాలున్నాయి, అర్ధరాత్రి ఫోన్ చేస్తే మంటలార్పే ఫోమ్ ఎవరు పంపుతారు, మనిషిని పైకి లాగే ట్రైపాడ్ ఎవరిది గట్టిది అని ఓ కాగితం వెనక రాసుకున్నారు. స్టార్ హోటల్ సదస్సుల్లో మ్యూచువల్ ఎయిడ్ పేరుతో స్లైడ్లు వేసేది దీని గురించే. వారం మొత్తంలో దండ వెయ్యాల్సింది ఆ కాగితానికి. ఫొటో మాత్రం ఎవరూ తియ్యలేదు.

వచ్చే మార్చిలో ముగ్గులు ఉంచండి, నిమ్మకాయలూ ఉంచండి. ఒక్క పోటీ చేర్చండి. మూడు నెలల పర్మిట్ పుస్తకాలు తెరిచి, ప్రతి పేజీ పక్కన డిటెక్టర్ మెమరీలో ఉన్న రీడింగ్ పెట్టి చూడండి. ఆ రోజు ఆ గంటకు మీటరు అసలు ఆన్ అయిందో లేదో అదే చెబుతుంది. అంకె నచ్చక పని ఆపిన పేజీ కనిపిస్తే, రాసినవాడికి మొదటి హాట్‌బాక్స్ ఇవ్వండి.

నిన్న దిగిన మనిషి అయిదుంబావుకు పైకి వచ్చాడు. వాల్వు పాసవలేదు, అంతే. చేతులు కడుక్కుని షామియానా దగ్గరికి వచ్చేసరికి సమోసాలు అయిపోయాయి.

ఇట్లు,
పర్మిట్ మూడో కాపీ ఫైలు చేసుకునేవాడు