గేటు తొమ్మిదింటికి తీస్తే పక్షులు ఆగుతాయా?

పక్షులను చూడాలనుకునేవాళ్లకు మన ఉత్తర తెలంగాణలో చోటుకు కొదవ లేదు. పాకాల ఉంది, ఏటూరునాగారం ఉంది, కవ్వాల్ ఉంది, ప్రాణహిత ఒడ్డు ఉంది, మంథని దగ్గర మొసళ్ల శివారం ఉంది. ఊరూరా చెరువులు సరేసరి. కొదవల్లా ఒక్కటే. ఇవన్నీ పక్షుల కోసం కూడా ఉన్నాయన్న ఆలోచన నడిపేవాళ్లకూ లేదు, వెళ్లే మనకూ లేదు. చాలా కాలంగా కడుపులో పెట్టుకున్న మాట, చలికాలం రాకముందే కక్కేస్తున్నాను.

ముందు గేటు సంగతి. వెలుతురు రాగానే కూతలు, ఆ తరువాత రెండు మూడు గంటల మేత, ఎండెక్కితే కొమ్మల చాటు. మళ్లీ పొద్దు వాలాకే సందడి. పక్షుల దినచర్య ఇదని పల్లెలో ఏ పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అయినా చాలా చోట్ల టికెట్ కిటికీ తెరుచుకునేది ఆఫీసు వేళకే. ఒక చోట, పేరెందుకు లెండి, చీకటితో బయలుదేరి వెళ్తే కాపలా మనిషి మంకీ టోపీ సర్దుకుంటూ వచ్చి, "తొమ్మిదింటికి రండి సార్, ఇప్పుడు లోపల చూడ్డానికి ఏముంటుంది?" అన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే మగ తోకపిట్ట ఒకటి మూరెడు తెల్లని తోక ఊపుకుంటూ మా తలల మీదుగా గేటు దాటి లోపలికి పోయింది, టికెట్ లేకుండా. ఆయన్ను అని లాభం లేదు, ఆయనకు చెప్పిన వేళ అది. ఆ వేళను నిర్ణయించిన పెద్దలు అడవిని పొద్దున పూట ఎప్పుడైనా చూశారా అన్నదే నా అనుమానం.

పులులు తిరిగే చోట కట్టుబాట్లు ఉండాల్సిందే. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించారు. దాని నడిబొడ్డున ఎవరు పడితే వారు చీకట్లో తిరగాలని నేను అనను. నా గొడవంతా చెరువు కట్టల గురించి, వ్యూ పాయింట్ల గురించి, ఊరి పక్కనే ఉన్న పార్కుల గురించి. అక్కడ ఆరింటికి గేటు తీస్తే ఎవరి సొమ్మూ పోదు.

ఇక కట్టడాలు. పర్యాటకం అనగానే మనవాళ్లకు తోచేది బోటు, వేలాడే వంతెన, సెల్ఫీకి నిలబడే రంగుల అక్షరాలు, రాత్రంతా వెలిగే దీపాలు. లక్నవరం వంతెన బాగుంటుంది, కాదనను. పిల్లలతో వెళ్లి నేనూ ఊగి వచ్చాను. అయితే ప్రతి చెరువునూ లక్నవరం చేయాలని ఎవరు చెప్పారు? పక్షికి చెరువులో ఎక్కువగా పనికొచ్చేది అంచు, అంటే వాలుగా దిగే ఒడ్డు, దాని వెంట పలచని నీరు, తడి మట్టి, కాస్త తుంగ. కాలి పొడవును బట్టి ఒక్కో పక్షికి ఒక్కో లోతు. ఉల్లంకులు తడి మట్టి మీదే పరుగెడతాయి. గుడ్డికొంగ బెత్తెడు నీటిలో గంటల తరబడి కదలకుండా నిలబడుతుంది. ఎర్రకాళ్ల కొంగ ఇంకాస్త లోపలికి దిగి, సగం తెరిచిన ముక్కును నీటిలో ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పుతూ చేప తగిలితే టక్కున మూస్తుంది. సూదితోక బాతు తలకిందులై, తోక పైకి లేపి, మెడ అందినంత లోతులో మేస్తుంది. నిండు నీటిలో మునిగి చేపను పట్టగలిగింది నీటికాకి. చుట్టూ రాతి గోడ కట్టి, ఒడ్డును నిట్టనిలువుగా చెక్కి, పైన గ్రానైటు పరిచి దానికి సుందరీకరణ అని పేరు పెడితే చివరికి మిగిలేది ఆ నీటికాకే. మిగతావాటికి కాలు మోపే చోటు ఉండదు. 2024 చివర్లో పూడికతీత కోసం వరంగల్ భద్రకాళి చెరువు నీళ్లు వదిలినప్పుడు, బురద తేలిన చోటల్లా కొంగలు దిగాయి. కట్ట మీద నడిచేవాళ్లు ఆగి, ఇన్ని ఎక్కడి నుంచి వచ్చాయని ఒకరినొకరు అడుక్కున్నారు. చుట్టుపక్కల చెరువులవే అవి, మేత దొరికిందని వచ్చాయి. పూడిక తీయొద్దని అనడం లేదు. తీశాక ఒక్క వైపైనా వాలు ఒడ్డు మిగల్చండి అంటున్నాను. మిగిలిన మూడు వైపులా మీ ఇష్టం, దీపాలు పెట్టుకోండి, డప్పులు కొట్టుకోండి.

కట్ట మీద కూర్చుని చూడదగ్గ దృశ్యం ఒకటి చెబుతాను. నత్తగొట్టు కొంగను మీరు పొలాల్లో చూసే ఉంటారు. బూడిద కలిసిన తెలుపు, నల్లని రెక్కలు, ముక్కు మూసినా మధ్యలో సందు. ఆ సందు చూసి పాపం ముక్కు విరిగిందేమో అనుకునేవాళ్లున్నారు. అది నీటిలో తడిమి నత్తను పట్టి, నేలకు అదిమి, కింది ముక్కు మొనను గుల్లలోకి జొనిపి, లోపల నత్తను గుల్లకు అంటిపెట్టుకున్న కండరాన్ని తెంపుతుంది. తల ఒకసారి విదిలిస్తే మెత్తని భాగం బయటికి వచ్చేస్తుంది. గుల్ల మాత్రం పగలదు. కొంగ వెళ్లాక ఆ చోటికి వెళ్లి చూడండి, ఖాళీ గుల్లలు చెక్కుచెదరకుండా పడి ఉంటాయి. ఇదంతా చూడ్డానికి కావలసింది కదలకుండా పావుగంట. మోటారు బోటు తిరిగే చెరువులో ఆ పావుగంట దొరకదు.

తరువాతి మాట మనుషుల గురించి. జూలో పంజరంలో ఉన్న పక్షికి బోర్డు ఉంటుంది, అదే పంజరం మీద వచ్చి వాలిన పక్షికి ఉండదు. ప్రకృతి కేంద్రం అని పేరు పెట్టుకున్న చోట కనీసం ఒక్క మనిషైనా బయట వాలిన పక్షి పేరు చెప్పగలగాలి కదా! చదువుకున్నవాళ్లే దొరకాలని లేదు. చెరువు మీద బతికే ముదిరాజ్ తాతలను అడగండి. బాతులు ఎప్పుడొస్తాయి తాతా అని ఒకాయనను అడిగితే, "దీపావళి పోయినాక వస్తాయి, శివరాత్రి చలి పోతే అవీ పోతాయి" అని వల విప్పుకుంటూ చెప్పాడు. ఏ బాతు ఏ మూల మేస్తుందో, ఏది చేపలు తింటుందో, ఏది గడ్డి గింజలు తింటుందో కూడా చెప్పాడు. అలాంటి నలుగురికి సీజన్‌లో రోజు కూలి ఇచ్చి గైడ్లుగా పెట్టుకుంటే, రంగుల అక్షరాలకు పెట్టే ఖర్చులో ఎన్నో వంతు అవుతుంది?

అయ్యే పని కాదనకండి. బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోటికి దగ్గరలో పాలరాపు గుట్ట ఉంది. ఆ కొండచరియ మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నాయని 2013లో బయటపడింది. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి, మూత్రపిండాలు పాడై, దేశమంతటా అవి తుడిచిపెట్టుకుపోయిన రోజుల తరువాతి సంగతి ఇది. పశువైద్యంలో ఆ మందును 2006లోనే నిషేధించారు. పాలరాపు దగ్గర రాబందులను కనిపెట్టుకుని ఉండే పని చుట్టుపక్కల యువకులకే అప్పగించారు. కాగజ్‌నగర్ వైపు అటవీశాఖ పక్షి ప్రేమికుల కోసమే బర్డ్ వాక్ కూడా జరిపింది. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఉన్నదల్లా ఒక ఊరి చెరువు. గూళ్లకు చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, ఒడ్డున చూడ్డానికి ఒక టవరు కట్టారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ పిల్లలను పెంచుకుంటున్నాయి. మనకేమో కాకతీయ గణపతిదేవుడి కాలంలో తవ్విన పాకాల ఉంది, దాని చుట్టూ 860 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలోని పక్షులను లెక్క కట్టే సర్వే చేసినప్పుడు ఈ జిల్లాలన్నీ ఆ రాజ్యంలోనివే. అంత ఆస్తి చేతిలో పెట్టుకుని మనం అమ్ముతున్నది బోటు టికెట్లు.

ప్రభుత్వాన్ని తిట్టి ఊరుకుంటే సగం పనే అవుతుంది. మనమేం తక్కువ తిన్నాం? అభయారణ్యంలోకి కారు అద్దాలు దించి, పాటలు పెట్టుకుని పోతాం. చిప్స్ పొట్లం అక్కడే పారేస్తాం. పెద్ద లెన్సుల బాబులది ఇంకో తీరు. ఫోనులో మగపిట్ట కూత పెట్టి, నిజం పిట్టను పోటీకి రప్పించి ఫొటో తీస్తారు. పాపం అది మేత మానేసి, లేని శత్రువు కోసం కొమ్మ కొమ్మా వెతుక్కుంటుంది. గూడు ఫొటోకు అడ్డమని చుట్టూ కొమ్మలు విరిచేవాళ్లున్నారు. ఆ నీడ పోతే పిల్లలు ఎండకు మాడతాయి, ఆ చాటు పోతే కాకి కంటపడతాయి. ఫొటోకు వెయ్యి లైకులు వస్తాయి. గూడు ఏమైందని ఒక్కరూ అడగరు.

దసరా నాటి పాలపిట్ట సంగతి చెప్పకుండా ఎలా? 2014లో దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. జమ్మి పూజకు వెళ్తూ దాన్ని చూస్తే శుభమని మా ఇంట్లోనూ నమ్ముతాం. ఒకప్పుడు అందుకోసం ఊరి పొలిమేర దాకా నడిచేవాళ్లు. కరెంటు తీగ మీదో, మోడు మీదో కూర్చున్న పిట్ట రెక్క విప్పితే ఆ నీలం తళుక్కుమనేది, దండం పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు పంజరంలో పెట్టి వీధిలోకి తెచ్చి చూపిస్తే పది రూపాయలిచ్చి దండం పెడుతున్నారు. దాన్ని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక పన్నెండేళ్లలో పాలపిట్ట 30 శాతం దాకా తగ్గిందని, దాని పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ మదింపు చేయాలని చెప్పింది. పంజరంలో రెక్క విరిగిన పిట్టను చూస్తే వచ్చే శుభం ఏపాటిదో దండం పెట్టేవాళ్లే చెప్పాలి.

చాలా తిట్టాను కాబట్టి పనికొచ్చే నాలుగు మాటలు. బైనాక్యులర్ కొనేవాళ్లు ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పున్నది చూసుకోండి. పన్నెండు రెట్లది కొంటే చేతి వణుకు కూడా పన్నెండు రెట్లవుతుంది. అది లేకపోయినా చెరువు కొంగలకు కళ్లు చాలు. మట్టి రంగు చొక్కా వేసుకోండి, సూర్యుడు వీపు వైపు ఉండేలా కూర్చోండి, చూసినవాటిని ఈబర్డ్ అనే పక్షుల లెక్కల యాప్‌లో నమోదు చేయండి. పాకాలకు వెళ్లాలంటే హన్మకొండ నుంచి నర్సంపేటకు బస్సులున్నాయి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. సంక్రాంతి లోపు ఒక ఆదివారం నేనూ వెళ్తున్నాను. రాదలచినవాళ్లు కింద చెప్పండి. స్పీకరు తెచ్చేవాళ్లకు మాత్రం ఆటోలో చోటు లేదు.