ప్లీనరీ పవర్ గారి సమక్షమునకు

అయ్యా ప్లీనరీ పవర్ గారూ,

తెలుగులో తమర్ని సంపూర్ణాధికారం అనాలి. కానీ అలా రాస్తే ఇక్కడ చాలామంది మా ఎమ్మెల్యేల గురించి అనుకుంటారు. అమెరికా ఆదివాసీ జాతుల విషయంలో కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఏం చేసినా చెల్లుతుందని చెప్పే సిద్ధాంతం తమరు. ఆ దేశ రాజ్యాంగమంతా వెతికినా తమరి పేరు కనపడదు. 1886లో ఒకసారి, 1903లో ఇంకోసారి జడ్జీలు రాసిన తీర్పుల్లోంచి ఊడిపడ్డారు. ఇచ్చిన ఒడంబడికను కూడా కాంగ్రెస్ పక్కన పెట్టొచ్చని ఆ రెండోది తేల్చింది. పుట్టుకకు కాగితం లేదు, పెత్తనానికి మాత్రం లోటు లేదు.

చికసాలనే ఆదివాసీ జాతి సంగతే తీసుకుందాం. మిసిసిపి వైపు ఉన్నవాళ్ళను 1837 నుంచి పడమటికి తోలారు. కొత్త చోట, అంటే ఇప్పటి ఒక్లహోమాలో, నేలేమీ ఊరికే దొరకలేదు, చోక్టాలనే ఇంకో జాతికి 5,30,000 డాలర్లు పోసి కొనుక్కున్నారు. 1856లో సొంత రాజ్యాంగం రాసుకున్నారు. వాళ్ళ రాజధాని తిషొమింగోలో గ్రానైటు రాజధాని భవనం లేచింది. అది పూర్తయిన ఏడాది 1898. సరిగ్గా అదే ఏడాది జూన్‌లో గిరిజన కోర్టులు మూసెయ్యమంటూ తమరు కర్టిస్ చట్టం వేషంలో దిగారు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టం ఇల్లు ఖాళీ చెయ్యమన్నట్టు! చికసాలు ఒప్పందం రాసిచ్చారు గనక కొన్నేళ్ళు గడువు దొరికింది. ఒక్లహోమా రాష్ట్రమయ్యాక అదే భవనంలో కౌంటీ కోర్టు నడిచింది. చాన్నాళ్ళకు చికసాలు తమ భవనాన్ని తామే మళ్ళీ కొనుక్కున్నారు. అన్నట్టు, ఆ చట్టానికి పేరిచ్చిన చార్లెస్ కర్టిస్ కూడా ఆదివాసీయే, కా జాతివాడు. మన వేలితో మన కన్నే పొడవడమంటే ఇదే.

చికసాల పాలకుణ్ణి గవర్నర్ అంటారు. ఆ గవర్నర్ నియామకాన్ని కూడా 1906లో వాషింగ్టన్ తీసేసుకుంది. చికసాలు మళ్ళీ ఓటేసి గవర్నర్‌ను ఎన్నుకునేసరికి 1971 వచ్చింది.

ఇక 2020. క్రీకులనే మరో జాతి రిజర్వేషన్‌ను (కోటా కాదు, ఆ జాతికి కేటాయించిన నేల) కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చెయ్యలేదని మెక్‌గర్ట్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. 2021లో రాష్ట్ర కోర్టు అదే మాట చికసాలకూ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే, హత్యల్లాంటి పెద్ద కేసులు తమరి 1885 చట్టాన్ని పట్టుకుని నేరుగా ఫెడరల్ కోర్టుకు నడిచాయి. చికసా కోర్టు ఎంత ఘోరానికైనా ఒక నేరానికి ఏడాది జైలు వెయ్యొచ్చు, తమరు 2010లో పెట్టిన షరతులన్నీ పాటిస్తే మూడేళ్ళు. 2022లో మళ్ళీ 5-4. ఆదివాసీ మీద వేరేవాడు నేరం చేస్తే రాష్ట్రం కూడా కేసు పెట్టొచ్చట. ఈ రెండు సుప్రీంకోర్టు తీర్పుల మధ్య జడ్జి గిన్స్‌బర్గ్ పోయారు, ఆవిడ స్థానంలో బారెట్ వచ్చారు. మారింది ఒక్క కుర్చీ.

మొన్న డాలస్ నుంచి రెడ్ రివర్ దాటి చికసాల కాసినోకి బయల్దేరాం. కారులో నలుగురం, నలుగురికీ ఇండియన్ పాస్‌పోర్టులే. థాకర్‌విల్ దగ్గర చికసాల లైట్‌హార్స్ పోలీసు కారు మా పక్కకే వచ్చింది. స్టీరింగ్ పట్టుకున్న మావాడికి టెన్షన్.

"భయపడకురా," అన్నాను. "ఇక్కడి చట్టం ప్రకారం మనం ఇండియన్లం కాదు."

నిజమే కదండీ? అక్కడి చట్టంలో ఇండియన్ అంటే ఆదివాసీ. 1978 ఒలిఫెంట్ తీర్పు ప్రకారం నాన్-ఇండియన్ చేసిన నేరాన్ని గిరిజన కోర్టు విచారించకూడదు. గృహహింస లాంటి కొన్నిటికి మాత్రం తర్వాత తమరే దయతలచి మినహాయింపు ఇచ్చారు. మిగతావాటికి లైట్‌హార్స్ వాళ్ళు మమ్మల్ని కాసేపు ఆపి ఇంకో పోలీసుకు అప్పజెప్పాలి. అందుకని అక్కడ ఎవడైనా ఎవడినైనా కొడితే, ఎందుకు కొట్టాడన్నది తర్వాత. ముందు కొట్టినవాడి కులగోత్రాలు, ఆపైన దెబ్బతిన్నవాడివి. ఇద్దరూ ఆదివాసీలైతే ఒక కోర్టు, ఇద్దరూ కాకపోతే ఇంకోటి, ఒకరు అయి ఒకరు కాకపోతే వేరే లెక్క. మా ఊళ్ళో పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు.

మావాడు మాత్రం నా లా పాయింట్‌ను నమ్మలేదు. తిరుగు ప్రయాణంలో రెడ్ రివర్ వంతెన వచ్చేదాకా స్పీడ్ లిమిట్‌కు ఐదు మైళ్ళు తక్కువలోనే నడిపాడు.

ఇట్లు,
గుంటూరు జిల్లా ఇండియన్,
తమరి లెక్కలో నాన్-ఇండియన్