నాటక కంపెనీ హత్యలో రంగస్థలం అలంకారం కాదు

డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది: "నాటక కంపెనీలో హత్య జరిగే కోజీ మిస్టరీ (నెత్తురు, హింస పెద్దగా చూపించకుండా నడిచే డిటెక్టివ్ కథ) బంగళాలో హత్య జరిగే పాత కథే. సోఫా తీసి తెర కట్టారు, అంతే. రాసినవాళ్లకు నాటకం తెలీదు. వేషాల గొడవకి మనుషుల్ని చంపడం ఎక్కడా ఉండదు. పైగా చచ్చినవాడి మీద ఎవరికీ జాలుండదు." ఇందులో ఏ ముక్కా నిలవదు.

ముందు బంగళా సంగతి. న్యూజిలాండ్ డిటెక్టివ్ రచయిత్రి నైయో మార్ష్ 1935లో రాసిన 'ఎంటర్ ఎ మర్డరర్'లో నాటకం ప్రకారమే ఒక నటుడు ఇంకో నటుణ్ణి కాల్చాలి. ఆ రాత్రి డమ్మీ తూటాల బదులు అసలువి ఉన్నాయి. హాల్లో ఉన్నవాళ్లందరూ సాక్షులే, ఎవరు కాల్చారో అందరూ చూశారు, అయినా హంతకుడెవరో తెలీదు. ఈ చిక్కుముడి ఏ బంగళాలో పడుతుంది?

1937 నాటి 'వింటేజ్ మర్డర్' ఇంకా గట్టి రుజువు. న్యూజిలాండ్‌లో తిరుగుతున్న ఇంగ్లిష్ కంపెనీ అది. ఆట అయ్యాక స్టేజి మీదే హీరోయిన్ పుట్టినరోజు విందు. పైనుంచి తాడు మీద భారీ షాంపేన్ సీసా మెల్లగా బల్ల మీదికి దిగేలా, దానికి ఎదురు బరువు కట్టి ముందే సరిచూసుకున్నారు. తీరా సమయానికి ఆ బరువు లేదు. సీసా ఒక్క ఊపున వచ్చి మనిషి నెత్తిన పడింది. కాబట్టి పైకి ఎక్కే దారి ఎవరికి తెలుసు, ఆ నిమిషంలో ఎవరు ఎక్కడున్నారు అన్నదే దర్యాప్తు అంతా. సురభి వాళ్ల 'మాయాబజార్' చూసినవాళ్లకి తెర వెనక తాడు పట్టిన చెయ్యి ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

రాసినవాళ్లకు నాటకం తెలీదనడం మరీ అన్యాయం. మార్ష్ వయసులో ఉండగా అలన్ విల్కీ షేక్‌స్పియర్ కంపెనీతో ఊరూరా తిరిగి నటించింది. 'వింటేజ్ మర్డర్' అంకితం ఆ విల్కీ దంపతులకే. 1940ల నుంచి క్రైస్ట్‌చర్చ్‌లో విద్యార్థులతో షేక్‌స్పియర్ నాటకాలు ఆడించింది.

ఇక వేషాల గొడవ. 1897 డిసెంబరు 16న లండన్ అడెల్ఫీ థియేటర్ తలుపు దగ్గర, తాళం తీస్తున్న పేరున్న నటుడు విలియం టెరిస్‌ని రిచర్డ్ ప్రిన్స్ కత్తితో పొడిచి చంపాడు. ప్రిన్స్ చిన్నాచితకా వేషాలు వేసి, అవీ దొరక్క రోడ్డున పడ్డవాడు. తన ఎదుగుదలకి టెరిసే అడ్డమని మనసులో పెట్టుకున్నాడు. కోర్టు అతనికి మతి స్థిమితం లేదని తేల్చి బ్రాడ్‌మూర్ అనే నేరస్తుల మానసిక చికిత్సాలయానికి పంపింది. వేషం కోసం వేసిన పథకం కాదిది, ఒప్పుకుంటాను. కానీ వేషాలు దక్కని కసి కత్తి దాకా వెళ్లగలదని చెప్పడానికి ఇది చాలు.

జాలి లేదన్న మాట మాత్రం నాకు కష్టంగా తోస్తుంది. కోజీలో నెత్తురు వర్ణించరు, నిజమే. నెత్తురు చూపిస్తేనే జాలా? 'వింటేజ్ మర్డర్'లో పుట్టినరోజు భార్యది, పోయింది భర్త, కంపెనీ నడిపేదీ ఆయనే. పరాయి దేశంలో, ఇల్లు సముద్రాల అవతల ఉండగా, యజమాని శవం పక్కన నిలబడ్డ ఆ నటులందరూ ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకోవాల్సి వస్తుంది.