గైడుకేమో లైసెన్సు, వంటమనిషికి ఉత్త దండమా?

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఒక చట్టం ఉంది. బయటి రాష్ట్రాలవాళ్లు అక్కడి వైల్డర్‌నెస్ అడవుల్లో, అంటే ఉన్నదున్నట్టు వదిలేయాలని చట్టం గీసిపెట్టిన అడవుల్లో, ఎల్క్ అనే భారీ జింక లాంటి పెద్ద జంతువుల వేటకి వెళ్లాలంటే లైసెన్సున్న గైడో, తగిన పర్మిట్ తీసుకున్న స్థానికుడో వెంట ఉండి తీరాలి. సంతోషం. కానీ దారి చూపేవాడి గురించి అంత శ్రద్ధగా రాసిన పెద్దలు, ఆ దారిన పోయినవాడికి తిండి పెట్టే మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇది పొరపాటున జరిగిందని నేననుకోను, గైడుల లాబీ పనే అయ్యుంటుంది.

ఎల్లోస్టోన్ పార్కుకి దక్షిణాన ఉన్న టీటన్ వైల్డర్‌నెస్‌నే చూడండి. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం పుణ్యమా అని అక్కడ జీపు వెళ్లదు, చైన్‌సా మోగదు, సైకిల్ కూడా నిషేధమే. ఇనప పొయ్యి, పిండి బస్తా, గుడ్లు, అన్నీ వేట క్యాంపుకి కంచరగాడిదల మీదే చేరాలి. అలా రోజంతా ఊగుతూ వచ్చిన గుడ్డుని పగలకుండా దింపి పొద్దున్నే ఆమ్లెట్ వేసే మనిషికి గుర్తింపు లేదు గానీ, వేల డాలర్లు కట్టి, ఖరీదైన రైఫిల్ భుజాన వేసుకుని, పొద వేషం కట్టి వచ్చినవాడికి మాత్రం ఫొటోలు. ఆ వీరుణ్ణి సాయంత్రం వంట టెంటు దగ్గర చూడాలి. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఈ పూట ఏమైనా ఉందాండీ?" అని నసుగుతుంటాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని వీళ్లకెవరు చెప్పారో గానీ, ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకోని మహానుభావులు వాగు నుంచి బకెట్లు మోస్తుంటారు, అడక్కుండానే కట్టెలు కొడుతుంటారు.

ఎనిమిది వేల అడుగుల ఎత్తున నీళ్లు 92 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి చిక్కుడు గింజలు ఎంతసేపు ఉడికించినా పంటి కింద రాళ్లలాగే ఉంటాయి. దీన్ని వాతావరణ పీడనంతో సహా వివరించగల ఇంజనీర్లు క్యాంపులో ఉంటారు. వివరించరు. వంటకి వంక పెట్టినవాడే రేపటి వంట చెయ్యాలన్నది పాత క్యాంపుల నుంచి వస్తున్న రూలు, రాజ్యాంగం కన్నా గట్టిది. అందుకే అందరూ నములుతూ "బ్రహ్మాండం" అంటారు.

తెల్లవారుజామున నాలుగింటికి ఇచ్చే కాఫీ సంగతి వేరే చెప్పాలి. నల్లగా మసిపట్టిన కెటిల్‌లో నీళ్లు మరిగాక పొడి గుప్పిళ్లతో లోపలికే పోస్తారు. ఫిల్టరు, గిల్టరు ఏమీ ఉండవు. దించేముందు కప్పుడు చన్నీళ్లు పోస్తే పొడి అడుక్కి దిగుతుంది, దిగాలి. ఆఖరి కప్పు ఎవరికొచ్చిందో వాడు తాగడు, నములుతాడు. చలి మరీ ఎక్కువైతే రొట్టెలకి పెట్టుకున్న పులిసిన పిండి గడ్డకట్టకుండా రాత్రి పడకలో పక్కన పెట్టుకుని పడుకునే వంటవాళ్లు కూడా ఉన్నారు. మనింట్లో పెరుగు తోడుకి కూడా ఇంత మర్యాద లేదు.

గ్రిజ్లీ ఎలుగుబంటి విషయంలో ప్రభుత్వం కాస్త నయం. తిండి సామాను వేలాడదీస్తే నేలకి పదడుగుల ఎత్తున, చెట్టుకి నాలుగడుగుల ఎడంగా ఉండాలని అటవీ శాఖ ఆర్డరు. అంటే శిబిరంలో కాపాడుకోవాల్సిన ఆస్తి రైఫిల్ కాదు, బేకన్, అంటే ఉప్పేసిన పంది మాంసం, అని సర్కారు వారే ఒప్పుకున్నారు.

ఇక నా అసలు వాదన. ఎల్క్ వేటకి వెళ్లినవాళ్లలో చాలామంది ఉత్త చేతులతోనే తిరిగొస్తారు. గైడు దగ్గర దానికి కారణాలు సిద్ధంగా ఉంటాయి, గాలి తిరిగిందనీ, వెన్నెల ఎక్కువైందనీ, నిన్న ఇక్కడే ఉందనీ. వంటమనిషికి ఆ సౌకర్యం లేదు. "గాలి తిరిగింది, ఈ పూట రొట్టెల్లేవు" అని ఏ వంటమనిషైనా అనగా విన్నారా?

కాబట్టి వయోమింగ్ శాసనసభ వెంటనే చట్టం సవరించాలి. వంటమనిషి లేనిదే అడవిలో అడుగు పెట్టనివ్వకూడదు. ఎల్క్ దొరకలేదని గైడు టిప్పులో కోత పెట్టుకునేవాళ్లు పెట్టుకోవచ్చు, వంటమనిషికి ఇచ్చేది మాత్రం ఒక్క డాలరు తగ్గకూడదు. గిన్నెలు తోమేవేళ పొయ్యి దగ్గర చేరి, తప్పిపోయిన ఎల్క్ కొమ్ముల సైజు చెబుతూ కూర్చున్నవాళ్ల దగ్గర అదనంగా ఇరవై శాతం వసూలు చేసే అధికారం కూడా ఆ సవరణలోనే ఇవ్వాలి.