గిడుగు వారి ఊళ్లో గ్రాంథిక సి

పర్లాకిమిడి పాతవాటిని పారేసే ఊరు కాదు. గజపతుల కోట ఉంది, కొమ్ముతో బొమ్మలు చేసే చేతులు ఇంకా ఉన్నాయి. పోయిందల్లా నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు. పట్టాలు పీకి పెద్ద లైను వేశారు. ఆ లోటు తీర్చడానికే కాబోలు, బజార్లో బట్టల కొట్టు మేడ మీద ఒక కోచింగ్ సెంటర్ ఇప్పటికీ టర్బో సి నడుపుతోంది. సి అనే ప్రోగ్రామింగ్ భాష రాసి నడిపే పాతకాలపు సాఫ్ట్‌వేర్ అది.

మా మేనల్లుడు అందులో చేరి ఆరు వారాలైంది. కంప్యూటర్ ఇంకా ముట్టుకోలేదు. తొందరేముంది? డెనిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో మెషిన్ ముందు కూర్చుని ఈ భాష తయారుచేశాడంటే, పాపం, ఆయనకి మంచి లాంగ్ నోట్‌బుక్ దొరక్క. మావాడికి దొరికింది. మార్జిన్ గీసి, హెడ్డింగులు ఎర్ర పెన్నుతో రాస్తాడు. అడిగితే కళ్లు మూసుకుని దండకంలా అందుకుంటాడు: "హాష్ ఇంక్లూడ్ ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్, హాష్ ఇంక్లూడ్ కానియో డాట్ హెచ్, వాయిడ్ మెయిన్..." మా అక్క మురిసిపోయింది. వ్రతానికి పంతులు గారు దొరక్కపోతే వీడు చాలు.

ఏడో వారం టర్బో సి నీలం తెర దర్శనం చేయించారు. 16 బిట్ల కాలం నాటిది కదా, ఇప్పటి విండోస్‌లో సొంత కాళ్లతో నడవలేదు. విండోస్‌కి ముందటి డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ అనే పల్లకీలో మోసుకురావాలి.

అదే ప్రోగ్రామ్ ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌లో కొట్టాడు. నాది విండోస్ కాదు, లినక్స్; అందులో సి ప్రోగ్రాములని మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ జీసీసీ. మొదటి దెబ్బకే కానియో అనే ఫైలు లేదంది. ఎందుకుంటుంది? 1989లో సి భాషకి ప్రమాణం రాసుకున్నప్పుడు కానియోని ఎవరూ పిలవలేదు. అది డాస్ వాళ్ల ఇంటి చుట్టం. ప్రోగ్రామ్ మొదలయ్యే చోటైన మెయిన్ ముందు ఉండాల్సింది కూడా వాయిడ్ కాదు, ఇంట్, అంటే పూర్ణాంకం. పని అయ్యాక ఎలా జరిగిందో ఒక అంకెలో చెప్పి వెళ్లాలి, సున్నా అంటే క్షేమం. వాయిడ్ అంటే చెప్పాపెట్టకుండా లేచిపోవడం.

తరవాత స్కాన్ఎఫ్, మనం కొట్టిన అంకెని లోపలికి తీసుకునేది. వేరియబుల్ పేరు ముందు & గుర్తు, ఆంపర్‌సాండ్, మర్చిపోయాడు. కంపైలర్ వార్నింగ్ ఇచ్చింది, వాడు పెళ్లి శుభలేఖలో చిన్నక్షరాల్లా దాటేశాడు. అంకె కొట్టి ఎంటర్ నొక్కగానే ప్రోగ్రామ్ కుప్పకూలింది.

"సారు ఆ గుర్తు ఎందుకో చెప్పలేదా?"

"పెట్టాలంతే అన్నారు మావయ్యా. ఎందుకన్నది ఎగ్జామ్‌కి రాదట."

కొరియర్ వాడికి డోర్ నంబరు ఇవ్వాలి గానీ, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెబితే పార్సెల్ ఎక్కడ పడేస్తాడు? ఆ గుర్తు పెడితే వేరియబుల్ అడ్రసు వెళ్తుంది. పెట్టకపోతే అందులో ఉన్న చెత్త విలువనే అడ్రసనుకుని స్కాన్ఎఫ్ బయల్దేరుతుంది. ఇది చెప్పడానికి అర నిమిషం పట్టింది. సిలబస్‌లో ఆ అర నిమిషం లేదు.

ఈ ఊరి బడిలోనే పాఠాలు చెప్తూ గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లిన సందు చూసుకుని గ్రాంథికం తిరిగొచ్చి మేడ మీద అద్దెకు దిగింది.

నిన్న మావాడికి పెద్ద టెన్షన్. "ఇంట్ అంటే ఎన్ని బైట్లు మావయ్యా? సారు రెండన్నారు, నీ లాప్‌టాప్ నాలుగంటోంది." ఇద్దరూ అబద్ధమాడలేదు. టర్బో సి లో రెండే, 32767 దగ్గర గోడ. ఒకటి కలిపితే మైనస్ 32768కి పోయి కూర్చుంటుంది.

"అక్కడ రెండు రాయి, ఇక్కడ నాలుగనుకో."

వాడు వెంటనే తలూపాడు. బెజవాడ కుర్రాడైతే గంటసేపు వాదించేవాడు. మావాడు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అని మూడో ఏట నుంచే నేర్చుకున్నాడు.

ఉత్సాహం పుట్టి ఒక్క మార్పు మాత్రం సొంతంగా చేశాడు. సి నేర్చుకునేవాళ్లు మొదట తెర మీద రాయించేది "హలో వరల్డ్". ముఖపరిచయం లేని ప్రపంచానికి హలో ఏమిటని, "తిన్నారా?" అని తెర మీద రాయించే ప్రింట్ఎఫ్‌లో పెట్టాడు. తెర మీద చక్కగా వచ్చింది. అదే రికార్డులో రాసి పట్టుకెళ్లాడు. సారు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి "ఔట్‌పుట్ తప్పు, ఐదుసార్లు రాయి" అన్నారట. ఇప్పుడు వరండాలో కూర్చుని మూడోసారి రాస్తున్నాడు.