ఘంటసాల, సుశీల తప్ప ఇంకెవరూ లేరా?

బాలు వచ్చేదాకా తెలుగు సినిమా పాటంటే ఘంటసాల, సుశీల ఇద్దరేనట. మిగతావాళ్లు హాస్యం పాటలకీ, చిన్నచిన్న బిట్లకీ గొంతు అరువిచ్చారట. వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఈ మాట తెగ తిరుగుతోంది. ఆ ఇద్దరి పాటలూ నాకు ప్రాణమే. అయినా ఈ మాట అబద్ధం.

మొదటి వాదన: ఆనాటి హీరోలకు గొంతు ఘంటసాల ఒక్కరే. మరి 1955 నాటి ‘మిస్సమ్మ’ సంగతేమిటి? అందులో రామారావుకి పాడింది ఏ.ఎం. రాజా. ‘బృందావనమది అందరిది’ ఆయన సుశీలతో పాడారు, ‘రావోయి చందమామ’ లీలతో పాడారు. అంతకు ముందు ఏడాది ‘విప్రనారాయణ’లో నాగేశ్వరరావుకీ రాజానే. ఇక లీల మాటకొస్తే, కేరళ నుంచి వచ్చిన ఆవిడ లేకుండా ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ యుగళగీతాలు ఊహించుకోగలమా? ‘లాహిరి లాహిరి లాహిరిలో’ ఘంటసాలతో కలిసి పాడింది ఆవిడే.

రెండోది: జిక్కి లాంటివాళ్లవి హుషారు పాటలే, శాస్త్రీయం వాళ్ల వల్ల కాదు. నాకు బాగా కష్టం కలిగించేది ఈ మాటే. ‘రోజులు మారాయి’లో ‘ఏరువాకా సాగారో’ పాడింది జిక్కి, నిజమే. ఆ ఒక్క పాటతో ఆవిణ్ని అక్కడే కట్టేశారు. రెండేళ్ల తర్వాత, 1957లో, ‘సువర్ణసుందరి’ వచ్చింది. ఆదినారాయణరావు కట్టిన ‘హాయి హాయిగా ఆమని సాగే’ రాగమాలిక, అంటే ఒకే పాటలో రాగం తర్వాత రాగం. సోహినితో మొదలై బహార్, జోన్‌పురి మీదుగా యమన్‌కి చేరుతుంది. పక్కన పాడుతున్నది ఘంటసాల, విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న విద్వాంసుడు. ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. రాగం మారిన ప్రతిచోటా జిక్కి గొంతు తడుముకోదు, స్వరాల దగ్గర ఆయనకి దీటుగా నిలుస్తుంది. ఇదే పాట హిందీలో పాడింది లతా మంగేష్కర్, రఫీ. మనవాళ్లు దాన్ని ఆకాశానికెత్తి, తెలుగులో పాడినావిడ పేరు చెప్పడం మరిచిపోతారు!

‘దేవదాసు’ (1953) కూడా అంతే. పేరు చెప్పగానే ఘంటసాల గుర్తొస్తారు. మరి ‘అంతా భ్రాంతియేనా’ పాడిన కె. రాణి? ‘తానే మారెనా’ పాడిన రావు బాలసరస్వతీదేవి? ఆ రెండు పాటలూ తీసేస్తే ఆ సినిమా దుఃఖంలో ఆడవాళ్ల వాటా ఏం మిగులుతుంది?

అన్నట్టు, హాస్యం పాడటం చిన్నపని ఎలా అయింది? ‘వివాహభోజనంబు’ మాధవపెద్ది సత్యం కాక ఇంకొకరు పాడితే ఘటోత్కచుడి ఆకలి మనకు తెలిసేది కాదు.

మూడోది: మన నేపథ్యగానం ఘంటసాలతోనే మొదలైంది. కాదు. 1943లో ‘భాగ్యలక్ష్మి’లో ‘తిన్నెమీద సిన్నోడా’ అని కమలా కోట్నీస్‌కి పాడిన బాలసరస్వతీదేవినే తొలి తెలుగు నేపథ్యగాయనిగా చెబుతారు.

చివరిది: అంత గొప్పవాళ్లయితే చరిత్రలో ఎందుకు లేరు? చరిత్ర రాసినవాళ్లు భాషల వారీగా గీతలు గీశారు గనక. ఆ రోజుల్లో సినిమా అంతా మద్రాసులోనే. రాజా, జిక్కి దంపతులు ఇటు తెలుగులో, అటు తమిళంలో పాడారు. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ కన్నడంలో రాజ్‌కుమార్‌కి గొంతయ్యారు. ఏ భాషవాళ్లు ఆ భాష పాటలే లెక్కేస్తే, ఇలాంటివాళ్లు ప్రతి పుస్తకంలోనూ సగం మనుషులుగానే కనిపిస్తారు. 1966లో బాలు తొలి పాట పాడారు. అదే ఏడాది వచ్చిన ‘లేతమనసులు’లో సుశీలతో ‘అందాల ఓ చిలకా’ పాడింది శ్రీనివాస్. ఆ పాట ఈసారి ఎవరికైనా పంపితే ఇద్దరి పేర్లూ రాసి పంపండి.