బోర్డు మీదే ఆట

జూన్ 12న బడులు తెరిచారు. రెండు వారాలు గడవకముందే నర్సరీ పిల్లల సంచుల్లో ఫోర్ రూల్ నోట్‌బుక్, చెక్కుల నోట్‌బుక్, డైరీ చేరిపోయాయి. డైరీలో హోంవర్క్: రేపటికి ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ వరకు ఐదేసిసార్లు. ఈ పిల్లల వయసు మూడేళ్లు, మహా అయితే మూడున్నర. చొక్కా గుండీ పెట్టుకోవడం ఇంకా రాని వేళ్లకు రాత పని పడింది. ఆ సంచి మోయించిన బడి గేటు మీద మాత్రం రంగురంగుల అక్షరాల్లో ‘ప్లే స్కూల్’ అని రాసి ఉంటుంది.

మా కోపం ఆ బోర్డు మీదే.

పసిపిల్లల బడికి మన దగ్గర మూడు పేర్లున్నాయి. ప్లే స్కూల్ అంటే ఆటల బడి. కిండర్‌గార్టెన్ అంటే జర్మన్ భాషలో పిల్లల తోట. 1840లో జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ ఆ పేరు పెట్టింది పాట, ఆట, చేతిపని, తోటపనితో నడిచే చోటుకు. అంగన్‌వాడీలో ‘అంగన్’ అంటే వాకిలి. హనుమకొండ, కాజీపేట, వరంగల్ గల్లీల్లో ఒక పూట తిరిగితే చాలు, ఆట లేని ఆటల బడి, మొక్క లేని తోట, వాకిలి లేని అంగన్‌వాడీ మూడూ ఎదురవుతాయి. అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో బాల్కనీకి ఇనుప జాలీ బిగించి దాన్నే ‘ప్లే ఏరియా’ అంటారు. అద్దె గదిలో నడిచే అంగన్‌వాడీలో బియ్యం బస్తా, గుడ్ల ట్రేలు, గ్యాస్ సిలిండర్, బరువు తూచే మిషన్ పోగా మిగిలిన జాగాలో పిల్లలు మోకాళ్లు తగిలేలా కూర్చుంటారు. 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలని 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెప్పింది. అదేమీ గొప్ప ఉదారం కాదు. ఆరుబయట ఒక్కో పిల్లకు దక్కేది చిన్న చాపంత జాగా. అదీ లేదు.

తల్లిదండ్రులే రాయించమంటున్నారని, రాయించకపోతే పక్క బడికి పోతారని యాజమాన్యాలు అంటాయి. తల్లిదండ్రుల ఆత్రం నిజమే, ఒకటో తరగతిలో వెనకబడతారన్న భయమూ నిజమే. కానీ ఆత్రపడితే చెయ్యి ఎదగదు.

పెద్దల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్ల చేతిని ఎక్స్‌రే తీస్తే వాటిలో మామూలుగా కనిపించేవి రెండో మూడో. మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉండి, ఆరేడేళ్ల వరకు ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. చివరిది ఇంకా ఆలస్యం. మగపిల్లలకు ఆడపిల్లల కంటే కొంచెం వెనకగా వస్తాయి. చేతి మీద అదుపు కూడా భుజం దగ్గర మొదలై మోచేయి, మణికట్టు దాటుకుంటూ వేలికొసలకు చేరుతుంది. భుజం కుదురుకోవాలంటే కొమ్మకు వేలాడాలి, నేల మీద పాకాలి, చిన్న బకెట్‌తో నీళ్లు మోయాలి, బంతి విసరాలి. ఇవేవీ చేయనివ్వకుండా పెన్సిల్ చేతిలో పెడితే ఏమవుతుందో నర్సరీ టీచర్లందరికీ తెలుసు. పిల్ల దాన్ని పిడికిట్లో ఇరికించుకుంటుంది, చేతినంతా ఊపుతూ గీస్తుంది, ముల్లు విరిగేదాకా ఒత్తుతుంది, తల బల్ల మీద వాల్చేస్తుంది. పది నిమిషాలకు ‘చెయ్యి నొస్తుంది’ అంటుంది. దానికి మనం పెట్టే పేరు బద్ధకం. అప్పుడు అలవడిన ఆ పిడికిలి పట్టును మాన్పించడం ఒకటో తరగతి టీచరుకు కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

ఇంకొకటి. పిల్లలు గీతలు నేర్చే వరుస ఒకటుంది. రెండేళ్లకు నిలువు గీత, మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఐదేళ్ల దగ్గర త్రిభుజం. ఏటవాలు గీత అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. మరి మన నర్సరీలో మొదటి వారమే రాయించేది ఏది? ఇంగ్లిష్ ‘ఏ’. రెండు ఏటవాలు గీతలు, మధ్యలో అడ్డగీత! తెలుగు ‘అ’ అయినా తేలికేం కాదు, చెయ్యి ఎత్తకుండా లోపలికీ బయటికీ తిప్పాల్సిన మెలికలు. మెలికల ముగ్గు చేతికి రావడానికి ఎన్నాళ్లు పట్టిందో ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగితే చెబుతారు.

రాతకు తొవ్వ ఆటలోంచే పోతుంది. దానికి పెద్ద ఖర్చూ లేదు. ఒక గోడకు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తు వరకు నల్లరంగు వేయాలి. చాక్‌పీసులను అంగుళం ముక్కలుగా విరిచి ఇవ్వాలి. నిండు చాక్‌పీసయితే పిడికిట్లో పట్టేస్తారు, అంగుళం ముక్కను మూడు వేళ్లతో తప్ప పట్టలేరు. నిలువు గోడ మీద గీసేటప్పుడు మణికట్టు కొంచెం వెనక్కి వంగి నిలబడుతుంది, రేపు పెన్సిల్‌కు కావాల్సిన తీరు అదే. చెరువు మట్టిని రాళ్లు ఏరి రాత్రంతా నానబెట్టి, తొక్కి, తడి గోనెపట్టాలో చుట్టిపెడితే రోజుల తరబడి పనికొస్తుంది. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మను పుట్టమన్నుతో అంతరాలుగా పేర్చే ఊళ్లలో ఈ పాఠం కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. బతుకమ్మ పూలలో తంగేడు ఒక దిక్కు, గునుగు ఒక దిక్కు, బంతి ఒక దిక్కు ఏరి పెట్టే నాలుగేళ్ల పిల్ల రంగులు, లెక్క, వరుస మూడూ నేర్చేస్తుంది. మట్టి దొరకని అపార్ట్‌మెంటు బడికి పిండి ముద్ద ఉంది. రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు, కొద్దికొద్దిగా పోస్తూ ముప్పావు నుంచి గ్లాసు నీళ్లు. మూత గట్టి డబ్బాలో దాదాపు వారం ఉంటుంది. వానాకాలంలో ఉప్పు తేమ పీల్చి జిగురవుతుంది, గుప్పెడు పిండి కలిపితే సరి. బూజు వాసన వస్తే పారేయాలి. చింతగింజలు, సీతాఫలం గింజలు ఏరి గుంటల్లో వేసే ఆటలు వేళ్లకు మంచివే. కాకపోతే మూడేళ్ల లోపు పిల్ల చేతికి మూడు సెంటీమీటర్ల కన్నా చిన్న వస్తువు ఏదీ ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. అంగన్‌వాడీలో అక్క వెంట వచ్చిన ఏడాదిన్నర తమ్ముడి దగ్గరే ఈ పొరపాటు జరుగుతుంది.

ఇసుక గుంట మరీ తేలిక. ఆరడుగుల చదరంలో ఇసుక ఒక అడుగు మందం ఉండాలి, నీరు ఇంకడానికి దాని కింద నాలుగు అంగుళాల కంకర పోయాలి. రాత్రి పట్టా కప్పాలి, లేకపోతే కుక్కలూ పిల్లులూ దాన్ని మరో పనికి వాడుకుంటాయి. గోదావరి ఇసుక లారీలు మన ఊరి మీదుగానే పోతాయి. ఒక ట్రాక్టర్ లోడు రెండు అంగన్‌వాడీలకు సరిపోతుంది.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాల కదలిక, అందులో 60 నిమిషాలు ఎగిరి దుంకే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒకేసారి గంటకు మించి కదలకుండా కూర్చోబెట్టవద్దని, స్క్రీన్ గంట దాటవద్దని కూడా చెప్పింది. కిక్కిరిసిన ఆటోలో ప్రయాణం కూడా కదలకుండా కూర్చోవడం కిందికే వస్తుంది. ఆపైన బెంచీ, ఆపైన చేతులు కట్టుకుని ‘స్మార్ట్ క్లాస్’ టీవీ. నాలుగేళ్ల పిల్ల ఒంటికాలిపై గెంతాలి, ఐదేళ్ల పిల్ల కాళ్లు మార్చి మార్చి గెంతుతూ పరుగెత్తాలి. తొక్కుడుబిళ్ల, చెమ్మచెక్క, కోతికొమ్మచ్చి చేసేది అదే. ఇవి బడి వార్షికోత్సవంలో స్టేజీ మీద కనిపిస్తాయి, మిగతా రోజుల్లో కనిపించవు.

బోర్డుల సంగతికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ప్రైవేటు బడులకే ఈ జబ్బు లేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచే ఆటతో చదువు అంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్దేశిత పాఠ్యపుస్తకాలే వద్దంది, పరీక్షలు ఈ దశకు తగవంది. 2020 బడి సంచి విధానం ప్రీప్రైమరీకి సంచే ఉండరాదని, రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దని చెప్పింది. అంతకన్నా ముందు 1993లోనే బడి పిల్లల చదువు భారంపై వేసిన యశ్‌పాల్ కమిటీ నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు ఉండకూడదంది. ఇవన్నీ కూడా బోర్డులే, కాకపోతే గోడకు కాక ఫైలుకు తగిలించినవి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి విద్యాహక్కు చట్టం ఉంది, ఆరేళ్ల లోపు ప్రైవేటు బడి ఏ శాఖ ఖాతాలో ఉందో తేలదు. తేలకపోవడం అందరికీ సుఖంగానే ఉన్నట్టుంది.

ఇక మన నగరం. 2022లో యునెస్కో ‘లెర్నింగ్ సిటీస్’ జాబితాలో చేరింది. ఐదేళ్ల లోపు పిల్లల కోసం వీధులు, పార్కులు తీర్చిదిద్దే ‘నర్చరింగ్ నైబర్‌హుడ్స్’ పోటీలో దేశంలో ఎంపికైన పది నగరాల్లో వరంగల్ ఒకటి. ఫ్లెక్సీలకు లోటు లేదు. ఇప్పుడు పిల్లను తీసుకుని ఏదైనా కాలనీ పార్కుకు వెళ్లండి. జారుడుబండ కింద అడుగు మందం ఇసుక ఉండాల్సిన చోట సిమెంటు బిళ్లలుంటే అది ఎవరి పని? ఇనుప జారుడుబండ ఉత్తరం వైపుకు గానీ వేపచెట్టు నీడకు గానీ కాకుండా పడమటి ఎండకు నిలబడితే మే నెలలో తొడలు కాలవా? పెద్దల కసరత్తు పరికరాల మీద పిల్లలు ఊగుతూ వేళ్లు ఇరికించుకుంటుంటే, వాళ్ల ఉయ్యాల ఎటు పోయింది?

అంగన్‌వాడీ టీచర్ల మీద నింద మోపడానికి మేము సిద్ధంగా లేము. అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే ‘పోషణ్ ట్రాకర్’ యాప్‌లో ఎంట్రీలు, సర్వేలు, పోలింగ్ బూత్ డ్యూటీలు పోగా మిగిలిన పొద్దులో వారు చెమ్మచెక్క ఆడించగలిగితే గొప్పే. మా భయం వేరే. సర్కారు ప్రాథమిక బడుల్లోనూ ప్రీప్రైమరీ మొదలైంది. ప్రైవేటుతో పోటీ అంటూ టై, ఫోర్ రూల్ బుక్, అర్ధ సంవత్సర పరీక్ష అక్కడికీ వస్తే, ఇన్నాళ్లూ యాజమాన్యాల వ్యాపారం అనుకున్నది ప్రభుత్వ పద్ధతి అయిపోతుంది. అప్పుడు ఏ తనిఖీ అధికారి ఏ ప్రైవేటు బడిని ఏ మొహంతో అడుగుతారు?

కలెక్టర్లు, విద్యాశాఖ, శిశు సంక్షేమ శాఖ, మహానగర పాలక సంస్థ కలిసి ఈ నెలలోనే చేయగల పని ఒకటుంది. చెప్పకుండా పసిపిల్లల బడికి వెళ్లి ఒక పూట కూర్చోవాలి. రిజిస్టర్లు అడగొద్దు. పిల్లలు ఎన్ని నిమిషాలు కాళ్ల మీద ఉన్నారో గడియారం చూసి రాసుకోవాలి, గోరు సందుల్లో మట్టి ఉందో లేదో చూడాలి, సంచి తెరవాలి. రాత పుస్తకం దొరికితే నోటీసు ఇవ్వాలి. ఆ లెక్కను బడి పేరుతో సహా నోటీసు బోర్డులో పెట్టాలి.

అదీ చేతకాదంటే, కనీసం ఆ గేటు మీది బోర్డులోంచి ‘ప్లే’ అన్న మాటైనా చెరిపించండి. పెయింటర్‌కు అరగంట పని.